మాంత్రికుడి పేరు అడగలేదు

మా ఆఫీసు క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల మాది. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ చదివే నలుగురైదుగురం అక్కడ చేరతాం. 'డ్యూన్' మొదటి పుస్తకంతో ఆపేయాలా, ముందుకు పోవాలా అని రెండు మధ్యాహ్నాలు కొట్టుకున్నాం (ఆపేయాలి అనేది నా పక్షం). అసిమోవ్ మనుషుల్ని సరిగ్గా రాయలేడని ఒకడంటే, వాడికి మనుషులెందుకని ఇంకొకడు. ఈ మధ్య ఆ బల్ల దగ్గరే ఒక మరాఠీ సహోద్యోగి నన్నడిగాడు: "మీ తెలుగులో ఏం చదవాలి? అనువాదమైనా పర్లేదు, ఒక్కటి చెప్పు."

నోరు తెరిచాను. పేరేదీ రాలేదు. "మాకు సినిమాలున్నాయి" అని తప్పించుకున్నాను.

ఇంటికొచ్చాక సిగ్గేసింది. హుస్నాబాద్‌లో పదేళ్లొచ్చేదాకా నేను చదివినదంతా మాంత్రికులూ, రాక్షసులూ, కొండగుహలే. చదవనిదాన్ని చెప్పలేకపోతే అదొక లెక్క. పొద్దస్తమానం చదివినదాన్ని ఇంకొకరికి "ఇది చదువు" అని ఎందుకు చెప్పలేకపోయాను? దీనికి జవాబు నా ఒక్కడి మతిమరుపులో లేదని మెల్లగా అర్థమైంది. మా దగ్గర ఈ తరహా పుస్తకాలు చేతులు మారిన తీరులోనే ఉంది.

నిజానికి మన సంప్రదాయంలో కథ అడిగి పుచ్చుకోవడానికి పెద్ద పీటే ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీ మజిలీ కథలు' పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడు కోసం వెతుకుతాడు. గోపడనే పశువుల కాపరి కుర్రాడు వస్తానంటాడు గానీ ఒక షరతు పెడతాడు: ప్రతి మజిలీలో కథ చెప్పాలి. మజిలీ చేరగానే గోపడు ఊరి మీద పడి ఏదో ఒక వింత చూసొస్తాడు, దాని సంగతేమిటని నిలదీస్తాడు, యతి తన మణి మహిమతో తెలుసుకుని చెప్తాడు. కథ మధ్యలో కథ, దాని పొట్టలో ఇంకో కథ. 'పాతాళభైరవి'కి మూలం ఈ మజిలీల్లోనే ఉంది. దీక్షితుల భాష ఇప్పుడు కొంచెం నలగ్గొడుతుంది, వర్ణనలు దాటేసి చదువుకోవచ్చు. గోపడు మాత్రం ఇప్పటికీ నాకు ఆదర్శ పాఠకుడు. కథ బాకీ పడితే వదలడు.

తెలుగులో ఒక ఫాంటసీని నెత్తిన పెట్టుకుని "ఇది చదవండి" అని గట్టిగా చెప్పిన విమర్శ కూడా పాతదే. కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము' 1914 నాటిది. పింగళి సూరన మీద పుస్తకం అది. ప్రబంధాల్లో వర్ణనల మోత తప్ప కథ లేదని విసుక్కున్న మనిషికి 'కళాపూర్ణోదయం' దొరికింది. పదహారో శతాబ్దపు ఆ కావ్యంలో కథ పురాణం నుంచి తెచ్చుకున్నది కాదు, సొంతంగా కల్పించింది. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో ఒక కథ చెప్తాడు. చెప్పాడు కాబట్టి అది భూమ్మీద జరిగి తీరాలి. ఆ కథలో బతుకుతున్నవాళ్ల చెవిలోనే చివరికి ఆ కథ పడుతుంది. కోడ్ రాసేవాడికి ఇది చదువుతుంటే వెన్నులో చిన్న జలదరింపు వస్తుంది. తనను తాను పిలుచుకునే ఫంక్షన్‌ని ఎవరో నాలుగు వందల ఏళ్ల కింద పద్యాల్లో రాసిపెట్టినట్టుంటుంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దాన్ని 2002లో ఇంగ్లీషులోకి తెచ్చారు. మా మరాఠీ మిత్రుడికి ఇది చెప్పి ఉండాల్సింది.

కానీ ఇవన్నీ నేను పెద్దయ్యాక వెతుక్కున్నవి. హుస్నాబాద్‌లో నాకు అందినవి వేరు. మొదటిది తాత నోటినుంచి. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. రాజు గుడ్డితనం పోగొట్టే బకావళి పువ్వు కథ ఆయనకు ఉర్దూలోనే వచ్చు. మాకు తెలుగులో చెప్పేవాడు, దేవకన్య మాట్లాడేచోట మాత్రం ఉర్దూలోకి పోయేవాడు. ఇదే కథ 1962లో ఎన్టీఆర్ 'గులేబకావళి కథ' అయింది. ఆ సినిమా పాటలతోనే మా పాత జిల్లా హనుమాజీపేట మనిషి సి. నారాయణరెడ్డి సినిమాల్లో అడుగుపెట్టాడు. ఆయనా ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడే. ఒక ఫాంటసీ కథ ఫారసీలో, ఉర్దూలో తిరిగి తిరిగి తెలుగు తెర మీదికి వచ్చేసరికి దానికి పాటలు రాసింది కరీంనగర్ జిల్లా కవి అని తాతకు భలే గర్వం.

ఇక శారదకాండ్లు చెప్పే బాలనాగమ్మ కథ ఉండనే ఉంది. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో. ఒగ్గువాళ్లు డోలు దరువు మీద నడిపే మల్లన్న కథ ఉంది. వీటిని ఎవరూ ఎవరికీ సిఫారసు చెయ్యరు. డప్పు వినపడితే పోయి కూర్చోవడమే.

రెండోది అటక మీది ట్రంకు పెట్టె. అందులో బాపు చిన్ననాటి చందమామలు. ఎలుకలు కొట్టినవి పోగా ముప్పై దాకా మిగిలాయి. బాపు బడిపంతులు. ఇంట్లో గోడ బీరువాలో గోర్కీ 'అమ్మ', సహవాసి తెచ్చిన 'ఏడు తరాలు', అల్లం రాజయ్య నవలలు. మా ఇంటికి ఎవరొచ్చినా బాపు బీరువా తెరిచి "ఇది సదువు" అని చేతిలో పెట్టి పంపేవాడు. పెట్టె సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను వేసవి సెలవుల్లో నిచ్చెనేసుకుని నేనే కనుక్కున్నాను.

పెట్టెలో 'శిథిలాలయం' ముక్కలున్నాయి, 'యక్షపర్వతం' దాదాపు సగం ఉంది. శిఖిముఖి, విక్రమకేసరి. ఖడ్గవర్మ, జీవదత్తుడు. ప్రతి నెలా కథ సరిగ్గా ప్రాణం పోయే చోట ఆగుతుంది, తర్వాతి సంచిక నా దగ్గర ఉండదు. చిత్రా గీసిన ఆ కొండచరియలూ, పుర్రెల దండలూ, వింత వాహనాలూ చూసి మిగతాది నేనే అల్లుకునేవాణ్ని. ఎన్ని సార్లు చదివానో చెప్పలేను. ఇవి ఎవరు రాశారని ఒక్కసారి కూడా అడగలేదు.

అడిగినా దొరికేది కాదు. ఆ సీరియల్స్ మీద రచయిత పేరు వెయ్యలేదు.

ఆ పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామలో చేరి 2006 దాకా అక్కడే పనిచేశారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, 1978లో మొదలైన 'భల్లూక మాంత్రికుడు'తో కలిపి పన్నెండు. పావు శతాబ్దం పాటు నెలనెలా తెలుగు పిల్లల్ని కూర్చోబెట్టిన మనిషి. తెలుగే కాదు, చందమామ ఎన్ని భాషల్లో వస్తే అన్ని భాషల పిల్లల్నీ. మా మరాఠీ మిత్రుడు చిన్నప్పుడు 'చాందోబా' చదివాడట. అంటే నేను పేరు చెప్పలేకపోయిన రచయితను అతను కూడా పేరు తెలియకుండానే చదివి ఉంటాడు.

పత్రికది ఒకే గొంతులా వినిపించాలన్న పద్ధతి వెనక వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. భాష అంత నున్నగా, ఎక్కడా ఒక్క పలుకు రాయి తగలకుండా ఉండటానికి అదీ ఒక కారణమే కావచ్చు. కొడవటిగంటి కుటుంబరావు లాంటి పెద్ద రచయితే అక్కడ పేరు పెట్టుకోకుండా పనిచేశాడు. అయితే కుటుంబరావుకు బయట ఇంకో జీవితం ఉంది. నవలలూ, వ్యాసాలూ, పేరూ అన్నీ ఉన్నాయి. దాసరికి ఈ మాంత్రికులే ఎక్కువ భాగం. పేరు లేని పుస్తకాన్ని సిఫారసు చేయడం చాలా కష్టం. "చందమామలో ఒక సీరియల్ ఉండేది, అందులో ఏనుగులూ, ఒక లోయా..." అని మొదలవుతుంది, అక్కడే ఆగిపోతుంది. విమర్శకుడికి పట్టుకోవడానికి రచయిత లేడు, కొనుక్కోవడానికి పుస్తకం లేదు. చాలా ఏళ్ల తర్వాత అభిమానులు పూనుకుని పేరు బయటపెట్టి, సంచికలు వెతికి జతచేసేదాకా అంతే. దాసరి 2010 జనవరిలో పోయారు. చందమామ కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం నడవలేదు.

పేరు లేకపోవడం ఒక్కటే అయితే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మా దగ్గర ఇంకో సంగతుంది.

ఒకసారి బాపు నన్ను అటక మీద పట్టుకున్నాడు. కొట్టలేదు. చందమామ చేతిలోంచి తీసుకుని, "ఊళ్లల్ల మంత్రాలు జేస్తున్నరని మనుషులను సంపుతున్నరు. నువ్వు ఈడ గూసొని మాంత్రికుని కథ సదువుతున్నవా?" అన్నాడు. అప్పుడు నాకది వట్టి చాదస్తం అనిపించింది. ఉత్తర తెలంగాణలో చేతబడి, బాణామతి అనేవి కథల్లో సంగతులు కావు. అనుమానం పడితే ఒంటరి ముసలమ్మలను కట్టేసి కొట్టేవాళ్లు, మంత్రం పలకకుండా పళ్లూడగొట్టేవాళ్లు, సజీవంగా తగలబెట్టిన ఘటనలున్నాయి. బాపు పనిచేసిన ఒక ఊళ్లో ఆయన బళ్లో చదివే పిల్ల నాయనమ్మకే ఆ గతి పట్టింది. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదని మాత్రం నాకు చెప్పాడు, మిగతాది చెప్పలేదు.

దీనికి తోడు కాలం. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెంటనే సిరిసిల్ల, జగిత్యాల కల్లోలిత ప్రాంతాలు. అదే ఏడు చందమామలో 'భల్లూక మాంత్రికుడు'. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎటు చూడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. 'యక్షపర్వతం' పెట్టెలోకి పోయింది, 'అమ్మ' బీరువాలోకి వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దంలో 'తులసిదళం' లాంటి నవలలు వారపత్రికల సర్క్యులేషన్ పెంచాయి, వాటిమీద క్షుద్ర సాహిత్యం అనే ముద్ర పడింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. చేతబడి నిజమేనేమో అని పాఠకుడికి అనుమానం పుట్టించి భయపెట్టడం వేరు, కీకారణ్యంలో మాంత్రికుణ్ని పెట్టి కథ చెప్పడం వేరు. కానీ ముద్ర వేసేటప్పుడు ఈ తేడా ఎవరు చూస్తారు? ప్రగతిశీలురు అనుకునేవాళ్ల ఇంట్లో మంత్రం ఉన్న పుస్తకమేదైనా అటకెక్కాల్సిందే.

విశ్వనాథ సత్యనారాయణ కూడా అలాగే అటకెక్కాడు, వేరే కారణంతో. ఆయన 1959 నుంచి రెండేళ్లు కరీంనగర్ ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్. 'హాహాహూహూ'లో గుర్రం తల ఉన్న గంధర్వుడొకడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చిపడతాడు. వాడి సంస్కృతం ఎవరికీ అర్థం కాదు, బోనులో పెడతారు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లో పంచతంత్రం రాసినాయనా, తిక్కనా కలలోకొచ్చి మాకు ఇంగ్లీషు నేర్పమంటారు. ఎంత నవ్వొస్తుందో చెప్పలేను. ఇక 'వేయిపడగలు'లో వేయిపడగల పామే ఉంది. దాన్ని హిందీలోకి 'సహస్రఫణ్'గా తెచ్చిన పి.వి. నరసింహారావుది మా పక్కనున్న వంగర. ఇదే పుస్తకం కొలంబియాలో పుడితే మా క్యాంటీన్ బల్ల మీద నలిగిన కాపీ ఉండేది. అయితే బాపు అభ్యంతరం వట్టిది కాదు. ఆ పాము కాపాడేది వర్ణవ్యవస్థనే, ఆ సంగతి దాచిపెట్టి పుస్తకాన్ని మెచ్చుకోలేను. చిన్న పుస్తకాలు రెండూ మాత్రం ఎవరికైనా ఇస్తాను. అవి రెండూ ఒకే సంపుటంగా ఇంగ్లీషులో దొరుకుతున్నాయి.

అటు ఆయన భావాలు నచ్చక, ఇటు మంత్రాలంటే గిట్టక, మధ్యలో ఇంకొకరి పేరు తెలియక, నా దగ్గరికొచ్చేసరికి "మాకు సినిమాలున్నాయి" ఒక్కటే మిగిలింది. అబద్ధమేం కాదు. 'ఆదిత్య 369' 1991లో కాలయంత్రాన్ని రాయలవారి దగ్గరికీ, అటు 2504కీ తీసుకుపోయింది. 2024లో 'కల్కి' మళ్లీ కాశీకే పోయింది, మజిలీలు లేకుండా.

ఇంత తవ్వాక నాకు బాగా తగిలిన సంగతి ఒకటే: దాసరి సుబ్రహ్మణ్యం హేతువాది. మంత్రాలను నమ్మని మనిషి పావు శతాబ్దం మాంత్రికులను రాశారు. అది తెలిశాక 'యక్షపర్వతం' మళ్లీ చదివాను. చిన్నప్పుడు కళ్లు పుర్రెల దండ మీదే ఉండేవి. ఇప్పుడు చూస్తే ఖడ్గవర్మ, జీవదత్తులను ముందుకు నడిపించేది ధైర్యం, సమయానికి తోచిన ఉపాయం. మంత్రగాళ్ల ఆర్భాటం పక్కన వాళ్లు భయపడకుండా నిలబడతారు. భయం పోగొట్టే పుస్తకమది. బాపు దాన్ని అటకెక్కించాడు.

మొన్న దసరాకి హుస్నాబాద్ పోయినప్పుడు జతచేసిన 'యక్షపర్వతం' మొత్తం తీసుకుపోయి బాపు చేతిలో పెట్టాను. రాసినాయన హేతువాది అని కూడా చెప్పాను. కళ్లద్దాలు తుడుచుకుని అట్ట అటూ ఇటూ తిప్పి, "గప్పుడు పేరెందుకెయ్యలే?" అన్నాడు. నా దగ్గరున్న జవాబు చెప్పాను. ఆయనకు సరిపోయినట్టు లేదు. మూడు రోజులున్నాను, ఆ మూడు రోజులూ పొద్దున వసారాలో కుర్చీ వేసుకుని చదువుతూనే ఉన్నాడు. నేను బస్సెక్కే ముందు సంచీ అందిస్తూ అడిగాడు: "మాయాసరోవరం గూడ దొరుకుతదా?"

మరాఠీ మిత్రుడికి ఇప్పుడు ఒక చీటీ ఇచ్చాను. మూడు పేర్లున్నాయి అందులో: పింగళి సూరన, విశ్వనాథ, దాసరి సుబ్రహ్మణ్యం. మూడో పేరు ఎదురుగా పుస్తకాలు రాయలేదు, "నువ్వు చదివే ఉంటావు" అని రాశాను.