వేరుసెనగ వంశచరిత్ర

పులికాటులో డచ్చివారు 1613లో కోట గట్టినట్లు పత్రములు చెప్పును. ఆ సరస్సునకు పడమటనున్న చిత్తూరు సీమ మెట్టచేల వేరుసెనగకు దాని జీవకణమే చరిత్రపత్రమని మేము చెప్పుదుము.

దక్షిణ అమెరికాలో బుట్టిన యీ మొక్కకు 40 క్రోమోజోములు. 20 డురానెన్సిస్ అను నడవిజాతివి, 20 ఇపేయెన్సిస్ అను వేఱొకదానివి. వంశశుద్ధికై గర్వించువారు మనలో నెందఱో. వారి వంటనూనె సంకరసంతానమే! ఈ గుట్టు బయటపెట్టినది డి.ఎన్.ఏ.లో మరల మరల వచ్చు వ్రాత. వ్యర్థమని కొందఱు త్రోసిపుచ్చిన యీ పునరుక్తియే యందు సగమునకు మించియున్నది. మొదటిజాతి క్రోమోజోములలో చాలవాని నడుమున నది దట్టమై, రంగు వేయగా పట్టీలుగ మెఱయును. రెండవజాతిలో నట్లు కానరాదు. వరుసలుగా పునరావృత్తమగు కొన్ని జన్యువుల స్థానములను 2004లో పరిశోధకులు పోల్చిచూడగా, అవియు నీ రెండు జాతులనే చూపినవి. 2016లో ఆ రెంటి జన్యులిపి వెలువడినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వారు నందు పాలుగొనిరి. ఆ కలయిక సుమారు 9,400 ఏండ్ల నాటిదని యప్పటి గణన.