సదరం

నెల్లూరు తీరంలో, కృష్ణపట్నం రేవు పక్క పల్లెల్లో, "సదరం అయిందా?" అంటే ఆసుపత్రిలో వైకల్య శాతం వేయించుకున్నావా అని అర్థం. అచ్చతెలుగు మాటలా వినిపిస్తుంది గానీ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల అంచనాకు తయారైన సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలే ఇలా కలిశాయి. పింఛనుకు 40 శాతం గీటు కావడంతో ఈ మాట జనం నోట స్థిరపడింది: సదరం క్యాంపు, సదరం స్లాటు, సదరం కాగితం.

చిక్కు ఇక్కడే ఉంది. సదరం కొలిచేది ఒంటికి కలిగిన లోపాన్ని. పనిలో దెబ్బతిన్న కార్మికుడి పరిహారానికి కొలవాల్సింది సంపాదన శక్తికి కలిగిన నష్టాన్ని. 1923 నాటి కార్మిక పరిహార చట్టం పట్టికలో చేతి బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 అని ఉండేది. పట్టికకెక్కని దెబ్బకు డాక్టరే సంపాదన నష్టాన్ని అంచనా కట్టాలి. 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో, ఎడమచేయి మోచేతి పైన తీసేసిన వడ్రంగికి నష్టం నూటికి నూరని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కదా! రేవులో బరువులెత్తే చేతికీ అదే న్యాయం జరగాలి.

ఇఎస్‌ఐ ఉన్నవారి దారి వేరు. లేనివారు సదరం కాగితంతోనే ఆగిపోకండి. మీరు చేసే పనేమిటో, ఇప్పుడేది చేయలేరో డాక్టరు చేత రాయించుకుని, ప్రమాదం జరిగిన రెండేళ్లలోపే కార్మికశాఖలో దరఖాస్తు పెట్టండి.