కౌమారుల వయసు ధ్రువపత్రాలు (పూర్వ కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు)

పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల వారి పుట్టిన తేదీకి రుజువుగా ఉత్తర తెలంగాణలో ప్రధానంగా నాలుగు పత్రాలు వాడుకలో ఉన్నాయి: జనన ధ్రువపత్రం, బడి అడ్మిషన్ రిజిస్టరును బట్టి ఇచ్చే బోనఫైడ్ లేదా టీసీ, పదో తరగతి మెమో, ఆధార్. వీటిలో ఏది ముందు అన్నది పనిని బట్టి, పుట్టిన సంవత్సరాన్ని బట్టి మారుతుంది. 2016 అక్టోబరు 11 నాటి విభజనతో ఈ రెండు జిల్లాల నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ తదితర జిల్లాలు వచ్చాయి. అంతకు ముందు తీసిన పత్రాలపై పాత జిల్లా పేరే ఉంటుంది.

1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీన గానీ తర్వాత గానీ పుట్టిన వారికి బడి ప్రవేశం మొదలు పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. ఇప్పుడు హైస్కూలులో ఉన్న పిల్లలెవరూ ఈ నిబంధన కిందికి రారు. 'ఇక అందరికీ జనన ధ్రువపత్రమే' అనే ప్రచారాన్ని ఆ మేరకే తీసుకోవాలి.

ఉట్నూరు, జైనూరు, కెరమెరి ప్రాంతాల గోండు, కొలాం గూడేల్లో ఇంటి కాన్పులు చాలాకాలం మామూలు కావడంతో, పుట్టుక కాగితానికెక్కే తొలి చోటు తరచూ బడి రిజిస్టరే అయింది. 1940వ దశకంలో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ పూనికతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైన నాటి నుంచీ ఇక్కడ చదువుకూ సర్కారు దస్తావేజుకూ మధ్య వారధి బడిపంతులే. వయసు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం (2009) చెబుతుంది. అది న్యాయమైన నిబంధనే. కానీ తల్లి చెప్పిన అంచనాను హెడ్‌మాస్టర్ తేదీగా మార్చి రాయాల్సి వస్తుంది. పాత రిజిస్టర్లలో జూన్ తేదీలు ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణమంటారు. బడి తెరిచే నెలకు ఐదేళ్లు నిండేలా లెక్క కట్టడమన్నమాట. ఇలాంటి నమోదుకు సాక్ష్యపు విలువ పరిమితమని సుప్రీంకోర్టు బీరద్ మల్ సింఘ్వీ కేసులో (1988) చెప్పింది. ఆ తేదీ ఎవరు చెప్పారో, ఏ ఆధారంతో చెప్పారో తేలాలన్నది దాని సారం.

అయినా రిజిస్టరులోని తేదీయే నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితా) మీదుగా పదో తరగతి మెమోకెక్కుతుంది. ఈ ప్రాంతంలో మెమోకున్న బరువు మరే కాగితానికీ లేదు. గల్ఫ్ బాట పట్టే జగిత్యాల, సిరిసిల్ల యువకులకు అది పుట్టిన తేదీకి రుజువు. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టులో వలస తనిఖీ అక్కరలేని కోవలో చేరడానికీ అదే ఆధారం. సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలో దాని ప్రాముఖ్యం ఇంకా ఎక్కువ. చట్టం 18 ఏళ్ల లోపు వారిని గని పనిలోకి రానివ్వదు. అప్రెంటిస్‌లకు, ఇతర శిక్షణార్థులకు మాత్రం పర్యవేక్షణలో 16 ఏళ్ల నుంచి అనుమతి ఉంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం చనిపోయిన కార్మికుడి మైనర్ కొడుకును లైవ్ రోస్టర్‌లో (ఉద్యోగానికి వేచి ఉండే జాబితాలో) ఉంచి, 18 నిండాక ఉద్యోగం ఇస్తారు. ఇక బొగ్గు పరిశ్రమలో వయసు వివాదాలకు వర్తించే 76వ అమలు సూచన, ఉద్యోగంలో చేరకముందు పొందిన మెట్రిక్యులేషన్ పత్రాన్ని ప్రామాణికంగా తీసుకుంటుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి కుటుంబాలకు మెమో మీది తేదీ కొలువు మొదలయ్యే రోజునూ రిటైరయ్యే రోజునూ నిర్ణయిస్తుంది.

ఆధార్ వయసు రుజువుగా ఎప్పటి నుంచి చెల్లదన్న దానిపై కథనాలు కలవవు. భవిష్యనిధి సంస్థ దాన్ని తన జాబితాలోంచి తీసేసిన 2024 జనవరిని కొందరు చెబుతారు. సరోజ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన 2024 అక్టోబరును మరికొందరు. ఆధార్ గుర్తింపుకే తప్ప పుట్టిన తేదీకి దానంతటది రుజువు కాదని దాన్ని జారీ చేసే విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థే 2023 డిసెంబరు 22 నాటి సర్క్యులరులో చెప్పింది కనుక, ఆ తేదీని ఎంచడమే సమంజసం. కాగితం చూపలేని వారికి వయసు అంచనాతో నమోదైన కార్డుల్లో జనవరి 1 కనిపించడం మామూలే.

నేర కేసుల్లో పత్రాల వరుస వేరు. బాలల న్యాయ చట్టం (2015) 94వ సెక్షన్ మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రాన్ని లేదా మెట్రిక్యులేషన్ పత్రాన్ని, అవి లేకుంటే పురపాలక లేదా పంచాయతీ జనన ధ్రువపత్రాన్ని చూడమంటుంది. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ పరీక్షలో అటూ ఇటూ రెండేళ్ల తేడా రావచ్చని కోర్టులు 1982 నుంచీ గుర్తిస్తున్నాయి. పదిహేడేళ్ల పిల్ల విషయంలో ఆ తేడాయే మొత్తం కేసు. బాధితుల వయసుకూ ఇదే పద్ధతి వర్తిస్తుందని జర్నైల్ సింగ్ తీర్పు (2013) నాటి నిబంధనల సందర్భంలో చెప్పింది.

పెళ్లి దగ్గర పత్రాల మీద ఒత్తిడి పెరుగుతుంది. 2014 అక్టోబరు 2న మొదలైన పెళ్లి సాయం పథకం కల్యాణలక్ష్మికి వధువు వయసు 18 నిండి ఉండాలి; 2018లో సాయం రూ.1,00,116కు పెరిగింది. పెళ్లి కుదిరాక మేజిస్ట్రేటు ఉత్తర్వుతో తీసిన జనన ధ్రువపత్రంలో ఒక తేదీ, ఆరేళ్ల వయసులో రాసిన అడ్మిషన్ రిజిస్టరులో మరో తేదీ ఉంటే రెండోదానికే ఎక్కువ విలువ ఇవ్వాలన్నది ఈ వ్యాసం మొగ్గు. అది ఏ లాభాన్నీ ఆశించని రోజున రాసినది.

ఓటరు కార్డుకు 17 నిండినప్పటి నుంచే ముందస్తు దరఖాస్తు చేసుకోవచ్చు. గేరు లేని 50 సీసీ లోపు బండి నడపడానికి 16 ఏళ్లకే లైసెన్సు ఇస్తారు. ఈ రెండూ వేరే పత్రం మీద ఆధారపడి వచ్చేవే కాబట్టి, తేదీల్లో తేడా వచ్చినప్పుడు తొలి పత్రాన్నే తిరగేస్తారు.