కారు హారన్ మీట

కారు హారన్ మీట అనగా కారు నడుపువారు హారన్ మోగించుటకు నొక్కే స్విచ్. నేటి కార్లలో ఇది సాధారణంగా స్టీరింగు చక్రం నడుమ, ఎయిర్‌బ్యాగు మూత రూపంలోనే ఉంటుంది. కొన్ని కార్లలో ఈ మీట మిక్కిలి బిగువుగా ఉండి వృద్ధులకు, కీళ్ళవాతం కలవారికి, చేతి బలం తక్కువైనవారికి ఇబ్బంది కలిగిస్తుంది. హఠాత్తుగా ఎవరైనా అడ్డు వచ్చినప్పుడు హారన్ మోగకపోవుట ప్రమాదకరం. అయితే ఈ బిగువు హారన్‌కు అవసరమైనది కాదు. మీట వెనుక ఎయిర్‌బ్యాగు ఉండుట వలన ఏర్పడినది. కనుక దానిని తగ్గించదలచినవారు ముందుగా ఆ అమరికను తెలుసుకొనుట మేలు.

చరిత్ర

తొలినాటి మోటారు వాహనాలకు ఇత్తడి బూర, దాని చివర రబ్బరు బుడ్డ ఉండేవి. బుడ్డను పిండినప్పుడు వెలువడే గాలి బూరలోని లోహపు నాలుకను కంపింపజేసేది. ఎంత గట్టిగా పిండితే అంత గట్టిగా మోగేది. అమెరికాకు చెందిన మిల్లర్ రీస్ హచిసన్ 1908లో రూపొందించిన క్లాక్సన్‌లో ఒక పళ్ళచక్రం తిరుగుతూ పలుచని లోహపు పొరను కదిలించి ధ్వని పుట్టించేది. చేతితో నొక్కి లేదా తిప్పి మోగించే క్లాక్సన్‌లు కూడా వచ్చాయి. విద్యుత్ హారన్‌లు స్థిరపడిన తరువాత చేతి బలానికి, ధ్వనికి సంబంధం తెగిపోయింది.

1950ల నాటి అనేక అమెరికన్ కార్లలో స్టీరింగు చక్రం లోపల మరొక సన్నని వలయం ఉండేది. దానిని ఎక్కడ తాకినా హారన్ మోగేది. కొన్ని ఐరోపా కార్లలో మీటను స్టీరింగు పక్కనున్న కాడ చివర అమర్చారు. మెర్సిడెస్ బెంజ్ సంస్థ 1981లో తన ఎస్-క్లాస్ కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగును ప్రవేశపెట్టింది. అమెరికాలో 1998 మోడల్ కార్ల నుండి ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యాయి. భారతదేశంలో 2019 జూలై 1 నుండి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేయబడింది. ఈ విధంగా స్టీరింగు నడిమి స్థలం హారన్‌కు, ఎయిర్‌బ్యాగుకు ఉమ్మడి స్థానమైంది.

పనిచేయు విధానం

హారన్‌లో ఒక విద్యుదయస్కాంతం, దాని ఎదుట పలుచని ఉక్కు పొర ఉంటాయి. విద్యుత్తు ప్రవహించగానే పొర లోపలికి లాగబడుతుంది. ఆ కదలికతోనే లోపలి స్పర్శబిందువులు విడిపోయి విద్యుత్తు ఆగిపోతుంది, పొర వెనుకకు వస్తుంది. ఇది సెకనుకు సుమారు 400 నుండి 500 సార్లు జరుగుట వలన ధ్వని పుడుతుంది. హారన్‌కు 12 వోల్టుల వద్ద కొన్ని ఆంపియర్ల విద్యుత్తు కావాలి. అంత విద్యుత్తు మీట గుండా పోకుండా మధ్యలో రిలే ఉంటుంది. మీట ఆ రిలేలోని తీగచుట్టకు మాత్రమే విద్యుత్తు అందేలా చేస్తుంది. దానికి ఒక ఆంపియరులో చిన్న భాగం చాలును. కావున విద్యుత్ దృష్ట్యా వేలితో తాకినంత ఒత్తిడి సరిపోతుంది. మీటను మరింత బలంగా నొక్కినందువలన ధ్వని పెరగదు.

బిగువుకు కారణాలు

చాలా కార్లలో ఎయిర్‌బ్యాగు పెట్టె మొత్తం మూడు లేదా నాలుగు స్ప్రింగులపై ఆనుకొని ఉంటుంది. నొక్కినప్పుడు పెట్టె అంతా కదిలి స్పర్శబిందువులు కలుస్తాయి. స్ప్రింగులు మరీ మెత్తనివైతే గతుకుల రోడ్డుపై ఆ బరువు ఊగి హారన్ తనంతట తానే మోగుతుంది. అందువలన తయారీదారులు గట్టి స్ప్రింగులను వాడుతారు. కొన్ని కార్లలో మూత కింద పలుచని పొర వంటి స్విచ్ ఉంటుంది. మూత ప్లాస్టిక్ గట్టిపడినకొద్దీ ఇటువంటి మీటను నొక్కుట కష్టమవుతుంది. దుమ్ము పేరుకొనుట, టీ లేదా శీతల పానీయం ఒలికి ఎండిపోవుట, మరమ్మతు తరువాత పెట్టె సరిగా కూర్చొనకపోవుట ఇతర కారణాలు.

తేలిక చేసే మార్గాలు

* నొక్కే చోటు మార్చుట: స్ప్రింగులపై ఆనిన మీటను నడుమ నొక్కితే అన్ని స్ప్రింగులూ అణగాలి. హారన్ గుర్తు ఉన్న అంచు వద్ద నొక్కితే ఆ పక్క స్ప్రింగు అణిగినా చాలును. బొటనవేలి కంటె అరచేతి మడమతో నొక్కుట సులభం. కారు ఆగి ఉన్నప్పుడు ఏ చోట తేలికగా మోగుతున్నదో చూసి గుర్తుంచుకోవాలి.
* సీటు సరిచేయుట: చేతులు పూర్తిగా చాచవలసి వస్తే బలం చాలదు. మోచేతులు కొద్దిగా వంగేలా కూర్చోవాలి. అయితే ఎయిర్‌బ్యాగుకు, రొమ్ముకు మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి.
* అదనపు మీట: మీట రిలేను ఎర్త్ చేసే పద్ధతి ఉన్న కార్లలో, రిలే వద్ద ఆ తీగకు సమాంతరంగా మరొక చిన్న స్విచ్ కలిపి, దానిని డ్యాష్‌బోర్డుపై చేతికి అందే చోట అమర్చవచ్చును. అసలు మీట యథాప్రకారం పనిచేస్తుంది. బలహీనమైన చేతులు కలవారికి ఇది ఉత్తమ మార్గం. కంప్యూటరు ద్వారా హారన్ నడిచే కార్లలో వైరింగు పటం చూడకుండా తీగలు కలపరాదు. వారంటీ షరతులు కూడా చూసుకోవాలి.
* శుభ్రపరచుట, భాగాలు మార్చుట: ఎయిర్‌బ్యాగు పెట్టెను విప్పవలసి ఉంటుంది కనుక దీనిని శిక్షణ పొందిన మెకానిక్ మాత్రమే చేయాలి.

జాగ్రత్తలు

ఎయిర్‌బ్యాగు సెకనులో ఇరవయ్యవ వంతు కంటె తక్కువ కాలంలో ఉబ్బుతుంది. పొరపాటున విచ్చుకుంటే ముఖానికి, చేతులకు తీవ్ర గాయాలు కాగలవు. బ్యాటరీ తీగ తీసిన తరువాత కూడా ఆ వ్యవస్థలో కొంతసేపు విద్యుత్తు నిలువ ఉంటుంది. కనుక మెకానిక్ సైతం తయారీదారు చెప్పినంతసేపు ఆగిన తరువాతే పని మొదలుపెట్టాలి. ఎయిర్‌బ్యాగుకు పోయే తీగల తొడుగులు సాధారణంగా పసుపుపచ్చగా ఉంటాయి. వాటిని తాకరాదు. స్ప్రింగులను కత్తిరించుట, వంచుట తగదు. ఎయిర్‌బ్యాగు మూతపై స్విచ్‌ను గాని, అలంకార వస్తువులను గాని అతికించరాదు. ఎయిర్‌బ్యాగు విచ్చుకున్నప్పుడు అవి ఎగిరి ముఖానికి తగులుతాయి.

మీట బిగువు వేరు, హారన్ మోగకపోవుట వేరు. మీట తేలికగానే అణిగి ధ్వని రాకపోతే ఫ్యూజు, రిలే, హారన్‌లను పరీక్షించాలి. హారన్ ఆగిపోవుటతోపాటు ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపం కూడా వెలిగితే, స్టీరింగు లోపలి చుట్ట తీగ తెగి ఉండవచ్చును. ఆ తీగ రెండింటికీ ఉమ్మడి. అది తెగితే ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగు విచ్చుకొనకపోవచ్చును. కనుక వెంటనే మరమ్మతు చేయించాలి.

చట్టం

భారత కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం పలు స్వరాలు వరుసగా పలికే హారన్‌లు, మితిమీరిన కర్కశ ధ్వని చేసే పరికరాలు నిషిద్ధం. 2019 సవరణ ద్వారా చేరిన 194ఎఫ్ సెక్షను ప్రకారం అనవసరంగా హారన్ మోగించినవారికి మొదటిసారి 1,000 రూపాయలు, తరువాత 2,000 రూపాయలు జరిమానా విధించవచ్చును. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట హారన్ మోగించరాదు. మీట తేలికైనది తరచుగా మోగించుటకు కాదు, అవసరమైన క్షణంలో తప్పక మోగుటకు.

ఇవి కూడా చూడండి

* ఎయిర్‌బ్యాగు
* రిలే
* విద్యుదయస్కాంతం
* శబ్ద కాలుష్యం