ఏడాది కుర్సీ

మజ్లిస్ పేరు వినగానే మమ్మల్నందర్నీ ఒకే గాటన కట్టేవాళ్ళు హైదరాబాద్ మేయర్ల జాబితా చూడరు. 1986 ఎన్నికల తర్వాత ఇక్కడ మేయర్ పదవి ఏడాదికే ఉండేది. ఏడాది తిరగ్గానే కార్పొరేటర్లు మళ్ళీ ఎన్నుకోవాల్సి వచ్చేది. ఆ వంతుల్లోనే మజ్లిస్ తరఫున ప్రకాశ్‌రావు, సత్యనారాయణ, ఆలంపల్లి పోచయ్య, మీర్ జుల్ఫికర్ అలీ మేయర్లయ్యారు. ఈ నలుగురిలో ముగ్గురు హిందువులు. గడువు చిన్నది కాబట్టే కుర్సీ పదిమందికీ అందింది.

అయితే చట్టం కూర్చున్నవాడికి గడువు పెట్టింది గానీ, ఖాళీ కుర్సీకి పెట్టలేదు. ఆ పాలకవర్గం కాలం తీరాక 2002 దాకా ఎన్నికలే లేవు. నగరం ప్రత్యేకాధికారుల చేతుల్లోకి పోయింది. ఐదేళ్ళ గడువు ముగిసేలోగా ఎన్నికలు జరపాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993లోనే అమల్లోకి వచ్చింది. ఎవరు పట్టించుకున్నారు? 2007లో గ్రేటర్ ఏర్పడ్డాకా 2009 దాకా ఎదురుచూశాం.

బస్తీలో చెత్త ఎత్తకపోతే ఓటేసి గెలిపించినవాడిని గల్లీలో నిలబెట్టి అడుగుతాం. ప్రత్యేకాధికారిని అట్లా అడగగలమా? మేయర్ దిగే రోజు ఎంత ఖాయమో, కొత్త మేయర్ ఎక్కే రోజూ అంత ఖాయం కావాలి. హిందువులమైనా ముస్లింలమైనా మేం అడగాల్సింది ఇదే.