గాజుల చెయ్యి – గాజు బుడ్డి

కిందటి సంక్రాంతికి మా అక్క మనవడు బెంగుళూరు నుంచి ఒక నల్లపెట్టె మోసుకొచ్చి, ఆత్మకూరులో మా వసారాలో దబ్బున దించాడు. గిటారుకు తగిలించే ఆంప్లిఫయరట. వయసులో వాడికంటే పెద్దది.

"అవ్వా, కొత్త వాల్వులు వేయించి నెల కాలేదు. అప్పుడే లోపల రేకు ఎర్రగా కాలుతోంది" అన్నాడు దిగులుగా.

ట్రాన్సిస్టరు పుట్టి ఎనభై ఏళ్లు కావస్తుంటే ఇంకా ఈ గాజుబుడ్డీలేమిట్రా అని నవ్వాను. ఆ నాదం వీటికే వస్తుందన్నాడు. ఏదో అంగడిలో పాత వాల్వులు పీకి కొత్తవి గుచ్చి, డబ్బు తీసుకుని పంపించేశారట. అంగడి పేరు మనకెందుకు లెండి. "బయాస్ సరిచేశారా?" అని అడిగాను. వాడు నోరు తెరిచి నా వంక చూశాడు. పప్పులో పోపు వేసే అవ్వ నోట ఆ మాట వస్తుందని వాడెలా అనుకుంటాడు!

నాకెలా తెలుసో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మా చిన్నప్పుడు ఇంట్లో వాల్వు రేడియో ఉండేది. మీట తిప్పగానే పలికేది కాదు. లోపల బుడ్డీలు వేడెక్కి, వెనకవైపు నారింజరంగు వెలుగు కనిపించాకగానీ గొంతు విప్పేది కాదు. మద్రాసు స్టేషను 1938లో, విజయవాడ స్టేషను 1948లో వచ్చాయి. 1963లో కడప స్టేషను వచ్చాకనే, ఎవరో మన పక్కింట్లోంచి మాట్లాడుతున్నట్టనిపించింది మా సీమవాళ్లకు. అయితే ఆ రేడియోను మగవాళ్లే ముట్టుకోవాలి. మేం పైన అల్లిక గుడ్డ పరచవచ్చు, దుమ్ము తుడవవచ్చు, అంతే!

మా చిన్నాయనకు మైకుసెట్టు ఉండేది. పెళ్లిళ్లకూ, పీర్ల పండక్కీ, శివరాత్రికీ ఆయనే. ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి నాగలూటి దారిన శ్రీశైలానికి నడిచిపోయే భక్తులకు అన్నదానం పందిళ్లు వేసేవారు గదా, అక్కడ ఆయన మైకు పలకాల్సిందే. పెట్టె చెడిపోతే రాత్రిళ్లు ఇంట్లోనే విప్పేవాడు. టార్చిలైటు పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. మగపిల్లలు నిద్రపోయేవాళ్లు. నేను పట్టుకునేదాన్ని. స్క్రూడ్రైవరు మాత్రం ఒక్కనాడూ నా చేతికివ్వలేదు. కానీ టార్చి పట్టుకున్నవాళ్లకు అంతా కనిపిస్తుంది, చూశారూ!

వాల్వంటే ఏమిటో ఆ టార్చి వెలుగులోనే తెలిసింది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ అనే ఆయన, గాలి తీసేసిన గాజుబుడ్డిలో వేడెక్కిన తీగ నుంచి ఎదురుగా ఉన్న రేకుకు కరెంటు ఒకవైపే పారుతుందని పనిలో పెట్టి చూపించాడు. సైకిలు ట్యూబులో గాలి లోపలికే పోయినట్టన్న మాట. అందుకే వాల్వు అని పేరు. మరి రెండేళ్లకు అమెరికాలో డి ఫారెస్ట్ అనే ఆయన ఆ తీగకూ రేకుకూ నడుమ ఇంకో తీగ పెట్టే దారి పట్టాడు. దాన్ని గ్రిడ్ అన్నారు. చెరువు తూముకు తలుపు బిగించినట్టయింది. తలుపు కాస్త కదిలిస్తే చాలు, అవతల నీళ్లు ఎంతో మారిపోతాయి. చిన్న శబ్దం పెద్దదవడంలో ఉన్న రహస్యమంతా ఇదే. మైకులూ, రేడియోలూ, సినిమా మాటలూ అన్నీ ఆ తలుపు మీదే బతికాయి. బెంగుళూరులో 1954లో పెట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా 1961లో వాల్వుల తయారీ మొదలుపెట్టింది.

ఇక్కడ మనం తెలుసుకోవలసిన సంగతొకటుంది. పాశ్చాత్య దేశాల్లో వాల్వుల ఫ్యాక్టరీల్లో వెంట్రుకంత తీగల్ని బుడ్డి లోపల అమర్చింది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ ఊళ్లోని ముల్లార్డు ఫ్యాక్టరీ అందుకు పేరుపడింది. సన్నపనికి ఆడవాళ్ల వేళ్లే కావాలన్నారు. చెయ్యడానికి మన వేళ్లు పనికొచ్చాయి గానీ, ఇంట్లో ఆ పెట్టె మూత విప్పడానికి పనికిరాలేదు!

సరే, గిటారు కథకొద్దాం. 1940ల చివర్లో కాలిఫోర్నియాలో ఫెండర్, 1962లో లండనులో డ్రమ్ములమ్మే మార్షల్ ఈ వాల్వులతోనే గిటారు ఆంప్లిఫయర్లు చేయించారు. శక్తికి మించి వాయిస్తే వాల్వు శబ్దం చటుక్కున తెగిపోదు, మెల్లగా జీరబోతుంది. రాత్రంతా పాడిన భజన పాటగాడి గొంతులో తెల్లవారుజామున వచ్చే జీర ఉంటుందే, అలాగ. ఇంజనీర్లు దాన్ని లోపమన్నారు. వాయించేవాళ్లు మాత్రం అదే కావాలన్నారు. 1947లో ట్రాన్సిస్టరు వచ్చి, తరువాత రేడియోల్లోంచీ మైకుసెట్లలోంచీ వాల్వుల్ని వెళ్లగొట్టినా, గిటారువాళ్లు మటుకు వదల్లేదు. ఇప్పుడు చాలామటుకు రష్యా, స్లొవేకియా, చైనాల్లోనే తయారవుతున్నాయి. 2022లో యుద్ధం వచ్చి రష్యా ఎగుమతులు ఆపుతానంటే, ప్రపంచంలోని గిటారువాళ్లంతా హడలిపోయారు. మా నంద్యాల జిల్లా పుట్టిన సంవత్సరమే అది.

మరి బయాస్ అంటే? పాట లేనప్పుడు తూము తలుపు ఎంత తెరిచి ఉంచాలన్న కొలత. మా ఇంటి రేడియోలాంటి వాటిలో ఆ తలుపు తనను తానే సవరించుకునేది, కాబట్టి పాత వాల్వు తీసి కొత్తది గుచ్చితే సరిపోయేది. పెద్ద ఆంప్లిఫయర్లలో చాలావాటికి ఆ సదుపాయం లేదు. లోపల ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని మనిషే తిప్పాలి. ఏ రెండు వాల్వులూ ఒక్కలా ఉండవు గనుక కొత్తది వేసినప్పుడల్లా కొలవాలి. తలుపు మరీ బిగిస్తే శబ్దం గరగరలాడుతుంది. మరీ వదిలేస్తే కరెంటు వరదలా పారి రేకు ఎర్రబడుతుంది. తీగ నారింజరంగులో వెలగడం మామూలే. చుట్టూ ఉన్న రేకు ఎర్రబడిందంటే మాత్రం వెంటనే కట్టేయాలి. లేకపోతే వాల్వుతోపాటు ఖరీదైన ట్రాన్స్‌ఫార్మరు కూడా పోతుంది.

ఎర్రబడినవాటిని ఇక నమ్మలేమని, ఒకదానికొకటి జతకుదిరిన ఇఎల్34 వాల్వులు రెండు తెప్పించాం. తీరా మూత విప్పే వేళకు నా చెయ్యి వణికింది. ఎందుకో చెబుతాను.

ఒక శివరాత్రి చిన్నాయన ప్లగ్గు పీకేసే పెట్టెలో చెయ్యి పెట్టాడు. అయినా విసిరేసినట్టు గోడకు తగిలాడు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలవుంటాయి. ఆయన కుడిచేతి రెండు వేళ్లకు బతికినన్నాళ్లూ స్పర్శ లేదు. ఆ తరువాత ఎప్పుడు పెట్టె విప్పినా ఎడమచెయ్యి జేబులో పెట్టుకునేవాడు. కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పారితే నడుమ ఉండేది గుండె గదా.

నాకు జేబెక్కడిది? చీరకొంగు నడుముకు చుట్టి, ఎడమచెయ్యి వెనక్కి దోపాను. బంగారు గాజులు తీశాను, మెడలో గొలుసు రవికలోకి దోపాను. లోహం వేలాడుతూ అందులో పడిందంటే ఇంకేమైనా ఉందా! మనవడి చెల్లెలు, ఇంజనీరింగు చదువుతున్న పిల్ల, టార్చి పట్టుకుంది. ముందు రెసిస్టరు కట్టిన తీగతో నిలవున్న కరెంటును దింపి, మీటరు పెట్టి, పూర్తిగా పోయిందో లేదో చూశాను. స్పీకరు తగిలే ఉందా అని కూడా చూశాను. స్పీకరు లేకుండా ఇలాంటి పెట్టె వెయ్యకూడదు. బయాస్ స్క్రూ బాగా బిగించి, అప్పుడే కొత్త వాల్వులు గుచ్చాను.

లెక్క కష్టమైనదేం కాదు. ఈ వాల్వు రేకు భరించేది 25 వాట్లు. ఖాళీగా ఉన్నప్పుడు నూటికి డెబ్బై దాటకూడదంటారు, అంటే పదిహేడున్నర. రేకు మీద 450 వోల్టులున్నాయి. భాగిస్తే సుమారు 39 మిల్లీ ఆంపియర్లు. వాల్వు కింద ఎవరో పుణ్యాత్ముడు ఒక ఓము రెసిస్టరు కట్టి ఉంచాడు. దాని మీద ఎన్ని మిల్లీ వోల్టులు కనిపిస్తే అన్ని మిల్లీ ఆంపియర్లు. ఇంతే!

స్విచ్చి వేసి కాస్సేపు వేడెక్కనిచ్చాం. మీటరు 15 చూపించింది. అప్పుడు పిల్ల చెయ్యి చూశాను. టార్చి పట్టుకునే చెయ్యి. అంత దగ్గరా, అంత దూరంగా! నేను అరవై ఏళ్ల కిందట నిలబడిన చోటే నిలబడి ఉంది.

"గాజులు తీసి పక్కన పెట్టు పాపా" అన్నాను. "ఆ చెయ్యి వెనక్కి పెట్టుకో. పిడి పొడుగ్గా ఉన్న ఈ ప్లాస్టిక్కు స్క్రూడ్రైవరు తీసుకో. ఆ స్క్రూ తప్ప ఇంకేదీ తాకొద్దు."

పిల్ల ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున తిప్పింది. 20. 27. 33. రేకు మీద వోల్టులు కూడా మారతాయి గనుక అవి మళ్లీ చూశాం, మళ్లీ లెక్క వేశాం. ఒకదానికి 35, రెండోదానికి 36 దగ్గర ఆపమన్నాను. దీపాలార్పి చూస్తే తీగలు నారింజరంగులో వెలుగుతున్నాయి, రేకులు నల్లగానే ఉన్నాయి.

ఇది చదివి మీరెవరూ పెట్టెలు విప్పొద్దు సుమా! తెలిసినవాళ్లు పక్కనుండి నేర్పితేనే. నేర్పమని అడగడానికి మాత్రం మొహమాటపడకండి.

మనవడు గిటారు తగిలించి ఒక్క తీగ మీటాడు. వసారా అంతా నిండింది. వాడు సంబరంగా నా వంక తిరిగి "ఎట్లుంది అవ్వా?" అన్నాడు.

"మీ చెల్లెల్నడుగు" అన్నాను. టార్చి నా చేతిలో ఉంది మరి.