శరణు నిరాకృతమైన పిమ్మట

పావురమును గాచిన శిబిచక్రవర్తి కథ మన యిండ్లలో పిల్లలకు సైతము దెలియును. ఆ రాజు పక్షియొక్క పూర్వవర్తనమును విచారింపలేదు. నేటి రాజ్యములు విచారించును, అది సహజమే. అయినను శరణు నిరాకరింపబడినవాడు "నన్నిచ్చటనే యుండనిండు" అని మరల వేడుట కేమి యాధారము గలదు? ఈ ప్రశ్నకు సమాధానమైన యొక వ్యాజ్యమును మే మిట వివరింపదలచితిమి.

కరమ్‌జిత్ సింగ్ చహల్ అను సిక్కు 1971లో అనుమతి లేకయే బ్రిటను జేరి, 1974లో స్థిరనివాసానుమతి బడసెను. 1984లో పంజాబునకు వచ్చినప్పుడు పోలీసులు తన్ను నిర్బంధించి హింసించిరని యాతడు చెప్పెను. సిక్కుల ప్రత్యేకరాజ్యవాదమున కాతడు సానుభూతిపరుడు. 1990 ఆగష్టులో బ్రిటిషు ప్రభుత్వము దేశభద్రతకు ముప్పని యాతనిని చెఱబెట్టి, స్వదేశమునకు బంప నిశ్చయించెను. ఆతడు శరణు వేడెను. 1991 మార్చిలో అది నిరాకృతమయ్యెను.

ఇచ్చట గొంత నిలువవలెను. దేశభద్రత పేరు చెప్పినచో నాడు సాధారణపు టప్పీలు లేదు. ముగ్గురు సలహాదారుల మండలి మాత్ర ముండెను. వారి యెదుటికి చహలు న్యాయవాదిని వెంటగొని పోరాదు. ఆరోపణల మూలము నెఱుగరాదు. మండలి మంత్రి కేమి సలహా యిచ్చెనో వినరాదు. ఆ సలహాను మంత్రి పాటింపవలెనను నియమమును లేదు. మన పల్లెటూరి రచ్చబండ తగవులలో నైనను ఆరోపణ మెదుటబడి చెప్పుదురు గదా! రహస్యసాక్ష్యము తమ యెదుట లేనందున బ్రిటిషు న్యాయస్థానములును మంత్రి నిర్ణయమును ద్రోసివేయజాలకపోయెను.

మిగిలినది స్ట్రాస్‌బర్గు నగరమందలి మానవహక్కుల న్యాయస్థానము. అచ్చటను జయము నిశ్చయము గాదు. శరణు దొరకక 1988లో లంకకు బంపబడిన యైదుగురు తమిళుల వ్యాజ్యమున, 1991లో ఆ న్యాయస్థానము బ్రిటను తప్పు లేదనియే తీర్పు చెప్పెను. విచిత్రమేమన, అప్పటికే వారు బ్రిటనులోని యప్పీలున గెలిచి మరలివచ్చియుండిరి!

1996 నవంబరు 15వ తేదీన చహలు వ్యాజ్యమున తీర్పు వెలువడెను. చిత్రహింస కలుగునను నిజమైన యపాయ మున్నచో, ఆ మనుజు డెట్టివాడైనను బంపరాదని పన్నిద్దఱు న్యాయమూర్తులు పలికిరి. భారతప్రభుత్వపు హామీ సద్భావముతో నిచ్చినదే యని యొప్పుకొనియు, పంజాబు పోలీసుల వర్తనమునుబట్టి యది చాలదనిరి. తక్కిన యేడుగురు మాత్రము, పరదేశమున గలుగు నపాయమును దేశభద్రతతో దూచి చూడవచ్చునని వాదించిరి. ఆ వాదమును చులుకన చేయరాదు గాని, మాకు బన్నిద్దఱి పక్షమే న్యాయముగ దోచుచున్నది. దోషి శిక్షార్హుడు గావచ్చును, చిత్రహింస కర్హుడెట్లగును?

నేరమేదియు ఋజువు గాకయే ఆఱేండ్లకు పైగా చెఱలో నున్న చహలు ఆనాడే విడుదలయ్యెను. ఈ తీర్పు ఫలితముగ బ్రిటిషు పార్లమెంటు 1997లో ప్రత్యేకమగు నప్పీళ్ల మండలి నేర్పఱచెను. అందు రహస్యసాక్ష్యమును బరిశీలించుటకు ప్రత్యేక న్యాయవాది యుండును. కాని యా సాక్ష్యమును జూచిన పిమ్మట, తా నెవని పక్షమున నిలిచెనో యాతనితోనే యనుమతి లేక మాటాడరాదు.